ఏ ఊరి మట్టి మీద రాసిన పుస్తకం అది? తోట పుస్తకాలు దొరకబట్టడం, పంచుకోవడం

భిక్నూర్ నుంచి మాట్లాడుతున్నా. మొక్కల మీద వీడియో పెట్టిన ప్రతిసారీ నాకు వచ్చే మెసేజ్‌లలో సగం ఒకటే అడుగుతాయి. "అన్నా, తోటపనికి మంచి బుక్ ఒకటి చెప్పు, పీడీఎఫ్ ఉంటే పంపు." ఈ ఎపిసోడ్ మొత్తం దానికే జవాబు. పుస్తకాల పేర్లు చెప్తా, ఎక్కడ దొరుకుతాయో చెప్తా. కానీ ముందు ఒక విషయం క్లియర్ చేసుకుందాం. తోట పుస్తకాల్లో "మంచిది" అని విడిగా ఏదీ ఉండదు. ఆ పుస్తకం ఏ ఊరి మట్టి మీద, ఏ ఎండలో, ఏ సంవత్సరంలో రాశారు అన్నదే అసలు ప్రశ్న. నేను బీటెక్ చేసి కొన్నేళ్లు కోడ్ రాసినోణ్ని కాబట్టి నా భాషలో చెప్తా: ఏ వెర్షన్‌కి రాసిన డాక్యుమెంటేషనో చూడకుండా కోడ్ కాపీ చేస్తే ఏమైతదో, ఇక్కడా అదే అయితది. తేడా ఏందంటే, కోడ్ పది సెకన్లలో ఎర్రర్ చూపిస్తది. మొక్క నాలుగు నెలలు ఆగి చూపిస్తది.

ఉల్లిగడ్డ సంగతి తీసుకోండి. మా దగ్గర పుస్తకాలు మార్చుకునే పది పన్నెండు మందిమి ఉన్నం. అందులో ఒకతను విదేశీ తోట పుస్తకం ఒకటి తెప్పించుకున్నాడు. ఫొటోలు చూస్తే కళ్లు చెదురుతాయి. అందులో మెచ్చుకున్న రకం ఉల్లి విత్తనాలే ఆన్‌లైన్‌లో వెతికి మరీ కొన్నాడు. నారు పోశాడు, నాటాడు, నీళ్లు పెట్టాడు. ఆకు మోకాలెత్తు పెరిగింది. పీకి చూస్తే కింద గడ్డ లేదు, ఉల్లికాడలే. ఎరువు తక్కువైందా, మట్టి బాగాలేదా అని నెల రోజులు తల పట్టుకున్నాడు. రెండూ కాదు. ఉల్లి గడ్డ కట్టాలా వద్దా అనేది పగలు ఎన్ని గంటలుందో చూసి నిర్ణయించుకుంటది. చల్లని దేశాల రకాలకు పగలు 14 గంటలు దాటాలి. లండన్‌లో జూన్ నెలలో పగలు 16 గంటలు దాటుతుంది కాబట్టి అక్కడ సరిపోతది. మనం భూమధ్యరేఖకు 18 డిగ్రీల దూరంలో ఉన్నం. మన దగ్గర ఏడాదిలో అన్నిటికన్నా పెద్ద రోజు కూడా 13 గంటల పైచిలుకే. ఆ విత్తనానికి భిక్నూర్‌లో దాని రోజు ఎప్పటికీ రాదు. మనకు 10 నుంచి 12 గంటల పగటికే గడ్డ కట్టే రకాలు కావాలి. ఎన్-53 లాంటివి అట్లాంటివే.

ఆ పుస్తకంలో అబద్ధం ఒక్కటి కూడా లేదు. దాని ఊరికి అది నిజమే.

ఇట్లాంటివి ఇంకో రెండు చెప్తా. అమెరికా పుస్తకాల్లో, వాళ్ల వీడియోల్లో "జోన్ 7", "జోన్ 9" అని వినే ఉంటారు. ఆ జోన్లు చలికాలంలో చలి ఎంత కిందికి దిగుతుందో దాని మీద గీసినవి. మొక్క చలికి చస్తదా బతుకుతదా అన్నదే వాటి లెక్క. మన మొక్కను చంపేది ఏప్రిల్, మే ఎండ. దాని గురించి ఆ జోన్ నంబర్ ఒక్క ముక్క చెప్పదు. ఇంకోటి "ఫుల్ సన్, ఆరు నుంచి ఎనిమిది గంటలు" అనే మాట. ఇంగ్లాండ్ ఎండకు అది కరెక్టు. మన మే నెల ఎండలో డాబా మీద టమాటాను ఎనిమిది గంటలు ఉంచితే పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా వేడి దిగక, పుప్పొడి దెబ్బతిని పూత మొత్తం రాలిపోతుంది. కొత్తగా మొదలుపెట్టిన వాళ్లు అప్పుడే "నా చెయ్యి మంచిది కాదు" అని ఆపేస్తారు. మీ చేతికేం కాలేదు, ఫ్రెండ్స్. గ్రీన్ షేడ్ నెట్ కట్టండి, లేదా ఎండ తగ్గినంక నాటండి.

ఈ విషయంలో పాతకాలపు వాళ్లు కొందరు నిజాయితీగా ఉన్నారు. 1860లలో ఫర్మింజర్ అనే ఇంగ్లీషు పాదిరి మన దేశంలో తోటపని మీద పెద్ద పుస్తకం రాశాడు. దాని టైటిల్‌లోనే "బెంగాల్, ఎగువ భారతం కోసం" అని రాసి ఉంటది. చదివేవాడికి మొదటి పేజీలోనే తెలిసిపోతది, ఇది గంగ ఒడ్డున రాసింది, తెలంగాణ చల్క నేలకు మనమే మార్చుకోవాలి అని. ఇప్పుడొచ్చే పుస్తకాలు "ఎవరైనా, ఎక్కడైనా, పది రోజుల్లో" అంటాయి. నాకు ఆ "ఎక్కడైనా" అన్న మాట కనబడిందంటే అనుమానం మొదలైతది.

సరే, మన ఊరికి మార్చుకోవడం ఎట్లా? మన చేతిలో ఒక పాత పనిముట్టు ఉంది: కార్తెలు. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే 13, 14 రోజులను ఒక కార్తె అంటారు. ఏడాదికి 27. సూర్యుడి లెక్క కాబట్టి ఇంగ్లీషు క్యాలెండర్‌లో ఏటా దాదాపు అవే తారీఖులకు వస్తాయి. రోహిణి మే 25 దగ్గర, మృగశిర జూన్ 7, 8 దగ్గర. విదేశీ పుస్తకంలో "చివరి మంచు కురిసిన రెండు వారాలకు" అని ఉంటే మనకు ఆ వాక్యం వేస్టు. మన దగ్గర మంచు ఎక్కడిది! కానీ ఆ వాక్యం అడిగేది "మొక్కకు గండం ఎప్పుడు దాటుతది" అని. మన గండం రోహిణి ఎండలు. కాబట్టి పుస్తకం పక్కన పెన్సిల్‌తో "మృగశిర దాటినంక, రెండు మంచి వానలు పడ్డంక" అని రాసుకుంటే ఆ పేజీ మనదైపోయినట్టే. మా సర్కిల్‌లో ఒక పెద్దమ్మ ఉంది, ఆమెకు చదవడం రాదు. పేజీ చదివి వినిపిస్తే "ఇది ఆరుద్రలో పెట్టేది, ముందు పెడితే పురుగు తింటది" అని ఒక్క ముక్కలో తేల్చేస్తది. మేం దాన్ని రాసి పక్కన "పెద్దమ్మ" అని పెడతం. మా దగ్గరున్న పుస్తకాల్లో అన్నిటికన్నా ఎక్కువసార్లు కనబడే రచయిత ఆమెనే.

ఇప్పుడు ఒక పుస్తకం కథ. తోట పుస్తకం దొరకబట్టడం అంటే ఏందో దీన్ని మించిన ఉదాహరణ నాకు తెలియదు. ఇది జరిగింది కూడా ఎక్కడో కాదు, మా ఊరి పక్క నుంచి పోయే 44వ నంబర్ హైవే పట్టుకుని సుమారు వంద కిలోమీటర్లు పోతే వచ్చే సికింద్రాబాద్‌లో.

డాక్టర్ వై.ఎల్. నేనే అని మొక్కల జబ్బుల సైంటిస్టు. (ఇంటిపేరే "నేనే". మరాఠీ పేరు. తెలుగులో "ఎవరు రాశారు" అంటే "నేనే" అని చెప్పుకోగలిగింది ఆయనొక్కడే.) వరిలో ఆకులు తుప్పు రంగుకు తిరిగే ఖైరా జబ్బుకు కారణం జింకు లోపం అని 1960లలో కనిపెట్టింది ఈయన. తర్వాత పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో డిప్యూటీ డైరెక్టర్ జనరల్‌గా చేశారు. 1994లో సికింద్రాబాద్‌లో ఏషియన్ అగ్రి-హిస్టరీ ఫౌండేషన్ పెట్టారు. పాత వ్యవసాయ గ్రంథాలు వెతికి బయటికి తేవడం ఆ సంస్థ పని. సురపాలుడు అనే పండితుడు సంస్కృతంలో రాసిన "వృక్షాయుర్వేదం" రాతప్రతి ఇంగ్లాండ్‌లో ఆక్స్‌ఫర్డ్ బోడ్లియన్ లైబ్రరీలో ఉందని తెలుసుకుని దాని కాపీ తెప్పించారు. నళినీ సాధలే గారు దాన్ని ఇంగ్లీషులోకి అనువదించారు. 1996లో ఆ సంస్థ వేసిన మొదటి పుస్తకం అదే. మొత్తం 325 శ్లోకాలు. నేల ఎట్లా ఎంచుకోవాలి, విత్తనానికి ఏం పట్టించాలి, ఎంత దూరంలో నాటాలి, చెట్టుకు జబ్బు చేస్తే ఏం చేయాలి, అన్నీ ఉన్నాయి. చెట్ల జబ్బులను కూడా మనుషులకు చెప్పినట్టే వాతం, పిత్తం, కఫం అని విడగొట్టాడు సురపాలుడు.

అందులో "కుణపజలం" అని ఒక ద్రవ ఎరువు ఉంది. జంతువుల మాంసం, ఎముకల మజ్జ నీళ్లలో ఉడికించి, కుండలో నువ్వుల పిండి, మినుములు, తేనె, నెయ్యి లాంటివి కలిపి పులియబెట్టడం. పుస్తకం అచ్చయ్యాక దేశంలో చాలా చోట్ల రైతులు దాన్ని మళ్లీ చేయడం మొదలుపెట్టారు. మాంసం బదులు కలుపు మొక్కలతో చేసే రకం కూడా పుట్టింది. అరల్లో కదలకుండా పడున్న రాతప్రతి, ఒకరు వెతికి, ఒకరు అనువదించి, ఒకరు అచ్చేస్తే, మళ్లీ పొలంలోకి వచ్చింది. అదే సంస్థ 2000లో "నుస్ఖా దర్ ఫన్ని ఫలాహత్" అనే పారశీక గ్రంథాన్ని కూడా వేసింది. అది మొఘల్ యువరాజు దారా షికో పేరు మీదున్న వ్యవసాయ పుస్తకం, అనువాదం రజియా అక్బర్ గారిది. సంస్కృతం, పారశీకం రెండు దారుల్లో వచ్చిన తోట విద్య హైదరాబాద్‌లో ఒకే చోట అచ్చయింది.

వృక్షాయుర్వేదం చదివి గుడ్డిగా ఫాలో అయిపొమ్మని నేను అనను. కుణపజలం వాసన సంగతి అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లు ఒకసారి ఆలోచించుకోండి. అది కూడా ఒక కాలం పుస్తకమే, పరీక్షించి చూసుకోవాల్సిందే.

ఇప్పుడు మీరడిగిన లిస్టుకు వద్దాం. ముందుగా తుమ్మేటి రఘోత్తమరెడ్డి గారి "మిద్దెతోట". ఆయన కథారచయిత. హైదరాబాద్ శివారు నారపల్లిలో తన ఇంటి మిద్దె మీద పండించిన అనుభవంతో రాశారు. మన ఎండ, మన వాన, మన డాబా. కొత్తవాళ్లకు నేను మొదట చేతిలో పెట్టేది ఇదే. రెండోది "గడ్డిపరకతో విప్లవం". జపాన్ రైతు మసనోబు ఫుకుఒకా 1975లో రాశాడు, 1978లో ఇంగ్లీషులో వచ్చింది, తెలుగులో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసింది. దున్నకుండా, రసాయనాలు లేకుండా సేద్యం ఎట్లా అన్నది విషయం. చదువుతుంటే ఊపొస్తది. కానీ ఊరు మర్చిపోవద్దు. ఆయన పొలంలో నేల కప్పడానికి తెల్ల క్లోవర్ చల్లుతాడు. అది చల్లని చోట బతికే మొక్క. మన ఎండాకాలానికి నిలబడదు. మనకు ఆ పని చేసేవి జనుము, జీలుగ, పిల్లిపెసర. క్లోవర్ విత్తనం కోసం ఆన్‌లైన్‌లో వెతకడం మానేసి విత్తనాల షాపుల్లో పిల్లిపెసర అడగండి.

చెట్ల మీద ఇష్టం ఉన్నవాళ్లకు నేషనల్ బుక్ ట్రస్ట్ పుస్తకాలు. ఎం.ఎస్. రంధవా రాసిన "ఫ్లవరింగ్ ట్రీస్" 1965 నాటిది. రోడ్డు పక్కన రోజూ చూసే చెట్టు పేరేందో తెలియకపోవడం ఎంత వెలితో అది చదివితే తెలుస్తది. వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏటా వేసే "వ్యవసాయ పంచాంగం" మిస్ అవ్వకండి. రైతులకు రాసిందే అయినా కూరగాయల రకాలు, విత్తే సమయం, దూరాలు మన రాష్ట్రానికే లెక్కకట్టి ఉంటాయి. పాత "అన్నదాత" పత్రికలు, 1969 నుంచి వచ్చినవి, చాలా ఇళ్లలో అటకల మీద ఉన్నాయి. వాటిలో రైతుల ప్రశ్నలు, జవాబులు బంగారం. పాత పేపర్లోడికి కిలోల లెక్కన పోకముందే అడిగి తెచ్చుకోండి. నేను ఒకసారి బజ్జీల పొట్లం విప్పితే మిరపలో ముడత మీద వ్యాసం బయటపడింది. బజ్జీ తిన్నంక మిగతా సగం వ్యాసం కోసం బండి దగ్గరికి మళ్లీ పోయిన.

ఇక లైబ్రరీ. మీ ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను పోతుంది, తెలుసా? అంటే మీరు ఆల్రెడీ సబ్‌స్క్రైబర్లు. కామారెడ్డి లాంటి చోట లైబ్రరీకి పోతే గ్రూప్స్ ప్రిపేర్ అయ్యేవాళ్లతో కుర్చీలు నిండి ఉంటాయి, వెనక అరల వైపు ఎవరూ పోరు. అక్కడికి పోండి. డ్యూయీ నంబర్లతో సర్దిన లైబ్రరీ అయితే 635 కూరగాయలు, పూలతోటలు, 634 పండ్ల తోటలు. ఆన్‌లైన్‌లో ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో పాత తెలుగు పుస్తకాల స్కాన్లు బోలెడున్నాయి. కానీ వాటిలో చాలావాటి పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో, ఎవరికి తోచిన స్పెల్లింగ్‌తో వాళ్లు ఎక్కించారు. తెలుగులో టైప్ చేసి "ఏం లేదు" అనుకోవద్దు. "తోట", "వ్యవసాయము", "ఉద్యాన", "ఫల" ఈ మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో మూడు నాలుగు రకాలుగా కొట్టి చూడండి. "తోట"కు ఒక "ఓ" పెట్టి, రెండు పెట్టి, "హెచ్" పెట్టి, తీసేసి.

ఇక్కడ ఆగండి. పాత పుస్తకాలు దొరికిన సంతోషంలో అందరూ దాటేసే విషయం ఒకటుంది. ఈ ఎపిసోడ్ చేయడానికి అసలు కారణం అదే.

పాత తోట పుస్తకంలో పురుగుల చాప్టర్ తెరిస్తే డీడీటీ పొడి చల్లండి, బీహెచ్‌సీ చల్లండి అని మామూలుగా, ఉప్పు వేయండి అన్నట్టు రాసి ఉంటది. అప్పటికి అవి సర్కారు సిఫారసులే, రచయిత తప్పు కాదు. కానీ డీడీటీని వ్యవసాయంలో వాడకుండా 1989లో ఆపేశారు. బీహెచ్‌సీని 1997లో నిషేధించారు. ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టు ఆపింది. మోనోక్రోటోఫాస్, మన దగ్గర "మోనో" అంటారు చూడండి, దాన్ని కూరగాయల మీద కొట్టొద్దని కేంద్రం 2005లోనే ఆదేశం ఇచ్చింది. పుస్తకానికి ఇవేవీ తెలియవు. అచ్చయిన రోజు దగ్గరే ఆగిపోయి ఉంటది. మీరు ఆ పేజీ ఫొటో తీసి "సూపర్ బుక్" అని గ్రూపులో పెడితే, చదివినోళ్లలో ఒకరి ఇంట్లో పత్తికి తెచ్చిన మోనో డబ్బా సగం మిగిలి ఉండొచ్చు. వాళ్లు దాన్ని పెరట్లో బెండకాయ మీద కొడతారు, రెండో రోజు తెంపుకుని వండుకుంటారు. తినేది పిల్లలు.

అందుకే మా దగ్గర ఒక రూల్ పెట్టుకున్నం. 1990కి ముందు అచ్చయిన ఏ పుస్తకమైనా సర్కిల్‌లోకి వస్తే, ముందు ఒకరు కూర్చుని పురుగుమందుల పేజీలన్నిటి మీద ఎర్ర మార్కర్‌తో అడ్డంగా గీత కొట్టాలి. కొట్టినంకనే పుస్తకం చేతులు మారేది. పుస్తకాన్ని దేవుడిలా చూసుకునే రిటైర్డ్ తెలుగు సార్ ఒకాయన మొదట ఒప్పుకోలేదు. "అచ్చు పుస్తకం మీద గీతలేంది రా" అన్నారు. మూడు వారాలు వాదన నడిచింది. చివరికి ఆయనే ఒక దారి చెప్పారు: పేజీ పాడు చేయకుండా, దాని మీద ఎర్ర కాగితం అతికించి కారణం రాయడం. ఇప్పుడు అట్లనే చేస్తున్నం, చూడ్డానికి కూడా బాగుంది. మిగతా పుస్తకాన్ని మాత్రం పారేయకండి. అంటు కట్టే బొమ్మలు, కొమ్మలు కత్తిరించే పద్ధతి, మామిడికి మీటరు పొడవు, వెడల్పు, లోతు గుంత, ఇవి యాభై ఏళ్లయినా మారవు.

"మాది ఆర్గానిక్ పుస్తకం, మాకేం భయం" అనేవాళ్లకు కూడా ఒక మాట. పొగాకు కషాయం సహజమే, విషం కూడా. పైగా పొగాకు పట్టుకున్న చేత్తో టమాటా, మిరప మొక్కలను ముట్టుకుంటే మొజాయిక్ వైరస్ అంటే చాన్స్ ఉంది. ఏ మందైనా అనుమానం వస్తే కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551, ఫ్రీ నంబర్, తెలుగులో మాట్లాడతారు.

పంచుకోవడం ఎట్లా అంటే, మా పద్ధతి చెప్తా, మీకు నచ్చితే తీసుకోండి. ప్రతి పుస్తకం వెనక అట్టకు సన్నటి రూళ్ల నోట్‌బుక్ ఒకటి కట్టి ఉంటది. చదివినోళ్లు అందులో నాలుగు ముక్కలు రాయాలి: తారీఖు లేదా కార్తె, ఏ మట్టి, ఏం చేశారు, ఏమైంది. "బాగుంది", "బాగాలేదు" అని రాస్తే చెల్లదు. "పేజీ 42, బీర, ఎర్ర చల్క, మృగశిరలో పెట్టిన, తీగ బాగా పోయింది కాని కాయ చేదు" అని రాస్తే, ఆ కింద ఇంకొకరు "నాకూ చేదే, విత్తనం మార్చిన, తగ్గింది" అని రాస్తారు. ఒక పుస్తకం ఆరు ఇళ్లు తిరిగొస్తే, ఎక్కడో రాసిన పుస్తకం భిక్నూర్ పుస్తకం అయిపోతది. పేర్లు కూడా సరిచేస్తం. పుస్తకంలో గోంగూర అంటే పక్కన పుంటికూర అని, సొరకాయ అంటే ఆనపకాయ అని. లేకపోతే పెద్దమ్మకు చదివి వినిపించినప్పుడు "అదేం కూర" అంటది.

పీడీఎఫ్ సంగతి కూడా సూటిగా చెప్తా. మన కాపీరైట్ చట్టం 1957ది. రచయిత చనిపోయిన తర్వాతి ఏడాది నుంచి 60 ఏళ్ల దాకా హక్కులుంటాయి. ఫర్మింజర్ పుస్తకం ఎంతమందికైనా పంపుకోండి. కానీ బతికున్న తెలుగు రచయిత పుస్తకం స్కాన్ చేసి గ్రూపుల్లో తిప్పితే, రెండో ముద్రణ వేసే ధైర్యం ఎవరికీ మిగలదు. తెలుగులో తోట పుస్తకాలు ఉన్నవే తక్కువ. ఒక కాపీ నలుగురు కలిసి కొని తిప్పుకోండి, అది పూర్తిగా న్యాయం. 1935లో గుంటూరు జిల్లాలో పాతూరి నాగభూషణం గారు కాలువ మీద పడవలో లైబ్రరీ నడిపించి ఊరూరికీ పుస్తకాలు చేర్చారు. మనకు స్కూటీ డిక్కీ చాలు.

ప్రస్తుతం "గడ్డిపరక" నా దగ్గరుంది. వచ్చే ఆదివారం సిద్ధరామేశ్వర స్వామి గుడి దగ్గర కలుస్తున్నం, అక్కడ సౌత్ క్యాంపస్‌లో చదివే ఇద్దరికి ఇచ్చేయాలి. క్లోవర్ పేజీకి ఎదురుగా నోట్‌బుక్‌లో నా జాగా ఇంకా ఖాళీగానే ఉంది. పిల్లిపెసర చల్లింది మొన్ననే. ఆదివారం లోపు మొలిస్తే నేను రాస్తా, లేకపోతే వాళ్లనే వచ్చి చూసి రాయమంటా.